కాలువ గట్టు మీది లస్కరు ఇంటిని నిలబెట్టాలంటే

గోదావరి కాలువల మీద పడవలు నడిచాయి కాబట్టి అక్కడ లాకులు, అంటే నీటిమట్టం పెంచి తగ్గించి పడవల్ని దాటించే తలుపులు, కట్టారు, లాకు తలుపులు తిప్పేవాడికి పక్కనే ఇల్లూ ఇచ్చారు. మన నాగావళి, వంశధార కాలువలు పొలాలకు నీళ్లిచ్చేవి. ఇక్కడ లాకు బదులు నీళ్లు వదిలే షట్టరు, లాకు కాపరి బదులు ఆ షట్టరు చూసుకునే లస్కరు. ఇల్లు ఇంచుమించు అదే తీరు: ఒకటో రెండో గదులు, ముందు వరండా, సున్నపు గోడలు, పైన బెంగుళూరు పెంకులు. నేను నీటిపారుదల శాఖలో వర్క్ ఇన్‌స్పెక్టరుగా చేసి రిటైరయ్యాను. అలాంటి ఇంటిని బాగుచేసి ఊరికి గుర్తుగా ఉంచుతామని మా కుర్రాళ్లు సిమెంటు బస్తాలు వేసుకుని మరీ వచ్చారు. బస్తాలు వెనక్కి పంపించి వాళ్లకు చెప్పినవే ఇవి.

ముందు కాగితం. ఇల్లు శాఖది కాబట్టి పంచాయతీ తీర్మానం జతచేసి ఈఈ (ఎగ్జిక్యూటివ్ ఇంజనీరు) ఆఫీసుకు దరఖాస్తు పెట్టండి, రాతపూర్వకంగా అనుమతి వచ్చేదాకా గోడ ముట్టుకోకండి. ఇల్లు వందేళ్లు దాటినదైతే 1960 నాటి రాష్ట్ర చట్టం కింద రక్షిత కట్టడంగా ప్రకటించమని పురావస్తు శాఖను కూడా అడగొచ్చు. అడిగిన వెంటనే అయిపోతుందని మాత్రం అనుకోవద్దు.

ఇంటిని రోడ్డు వైపుకి మారిస్తే నలుగురూ చూస్తారు కదా అని ఒక కుర్రాడన్నాడు. వాషింగ్టన్‌లో 1837 నాటి లాకు కాపరి రాతి ఇల్లు ఒకటుంది. కాలువ ఎప్పుడో పూడ్చేశారు, ఇల్లు మిగిలింది. రోడ్డు పని కోసం 1915లో ఒకసారి, రోడ్డును మరీ ఆనుకుని ఉందని 2017లో మరోసారి దాన్ని పక్కకు జరిపారు. 2018లో జనం చూడడానికి తెరిచారు. అక్కడ కాలువే లేదు, జరిపినా నష్టం లేదు. మన కాలువ ఇంకా పారుతోంది. షట్టరు పక్క నుంచి తీసేస్తే ఆ ఇల్లు అక్కడ ఎందుకు కట్టారో ఎవరికీ తెలీదు.

పని సంక్రాంతి దాటి, కాలువకు నీళ్లు ఆపేశాక మొదలుపెట్టండి. కాలువ నిండుగా పారేటప్పుడు గట్టు మీది గోడలు కింది నుంచి చెమ్మ పీలుస్తాయి. మొదట పైకప్పు చూడండి. పగిలిన పెంకులు మార్చి, పునాది చుట్టూ నీళ్లు ఇంటికి దూరంగా పారేలా చిన్న కాలవ తీయండి. గోడలో రావి మొక్క ఉంటే పీకొద్దు, ఇటుకలు కదులుతాయి. మొదలుకి కోసి, మళ్లీ చిగురిస్తే మళ్లీ కోయండి.

ఇక సిమెంటు సంగతి. గతంలో ఎవరో వేసిన అతుకులు ఉండే ఉంటాయి. మేకుతో గీయండి. పొడి రాలితే సున్నం, కిర్రుమంటే సిమెంటు. సున్నపు గోడలోకి ఎక్కిన చెమ్మ పూతలోంచే బయటికి ఆరిపోతుంది. మీద సిమెంటు వేస్తే ఆ దారి మూసుకుపోతుంది. చెమ్మతో వచ్చిన ఉప్పు లోపలే గట్టిపడి ఇటుకను పొడి చేస్తుంది. పైకి గోడ నున్నగానే కనిపిస్తుంది, ఓ రోజు పెచ్చు ఊడితే వెనక పిండి తప్ప ఇటుక ఉండదు. అందుకని సిమెంటు అతుకుల్ని చిన్న ఉలి, సుత్తితో నెమ్మదిగా తీయండి. మెషిన్ పెట్టొద్దు. రానంటే వదిలేయండి, లాగితే ఇటుక కూడా వచ్చేస్తుంది.

సున్నం కలపడం పిల్లల పని కాదు. ఇనప డ్రమ్ములో ముందు నీళ్లు పోసి, కాల్చిన సున్నపు రాళ్లు కొద్దికొద్దిగా వేయాలి. సలసలా కాగుతుంది, కళ్లకు అద్దాలు, చేతులకు తొడుగులు తప్పవు. చల్లారాక జల్లించి, పైన నీళ్లు నిలిచేలా కనీసం కొన్ని వారాలు ఉంచండి. వెన్నలా అయ్యాక ఒక పాలు సున్నానికి మూడు పాళ్లు ఇసుక. నాగావళి ఇసుకే అయినా తడి చేత్తో నలిపి చూడండి, అరచేతికి బురద అంటితే కడగాల్సిందే. కరక్కాయలు దంచి, బెల్లంతో నానబెట్టిన నీళ్లు కలపడం మన పాత మేస్త్రీల పద్ధతి. అది తెలిసిన మేస్త్రీ దొరికితే కూలి దగ్గర బేరం ఆడకండి.

గోడను బాగా తడిపి, ఒక్కో పూత అరంగుళం దాటకుండా వేయండి. రోహిణి కార్తె ఎండలోకి పని వెళ్లనివ్వొద్దు. తప్పకపోతే తడి గోనె సంచులు కట్టి, వారం పైనే తడుపుతూ ఉండండి. చివర్లో సున్నపు వెల్లే, ప్లాస్టిక్ పెయింట్ వద్దు. తలుపులు, కిటికీలకు మామూలు వడ్రంగి చాలు.

నీటిమట్టం గీతలు, గోడలో సంవత్సరం చెక్కిన రాయి ఉంటే వాటి మీద వెల్ల పడనివ్వకండి. పని మొదలుపెట్టకముందే అన్ని వైపుల నుంచీ ఫొటోలు తీసి, కొలతలు రాసిపెట్టండి. పాత లస్కర్ల కుటుంబాలను కలిస్తే ఏ గది దేనికి వాడారో చెబుతారు.

2018లో తిత్లీ తుఫాను మన శ్రీకాకుళం జిల్లాలో పెంకుల ఇళ్లను ఏం చేసిందో చూశాం. పాత పెంకులు అమ్మేవాళ్లు దొరికినప్పుడే కొన్ని ఎక్కువ కొని వరండా మూలన పేర్చి ఉంచండి. దసరా లోపు పైకప్పు మరోసారి చూసి, కదిలినవి సర్దండి.