పూర్వ పరిశోధనల సమీక్ష – 3వ పాఠం: కార్డుల నుంచి పట్టికకు

గత పాఠంలో చదివిన ప్రతి వ్యాసానికీ ఒక కార్డు రాసుకున్నాం. ఆ కార్డులనే పేరాలుగా మార్చి, ‘ఫలానా వారు ఇలా అన్నారు, ఫలానా వారు అలా అన్నారు’ అని వరుసగా పేర్చడం సిద్ధాంత గ్రంథాలలో తరచుగా కనబడే పద్ధతి. నా దృష్టిలో అది వ్యాసాల జాబితా మాత్రమే.

భీమవరం చుట్టుపక్కల వరిచేలు చేపల, రొయ్యల చెరువులుగా మారడం వల్ల భూగర్భజలం ఉప్పగా మారుతోందా అన్నది మీ అంశమనుకుందాం. వ్యాసానికొక అడ్డువరుస చొప్పున పట్టిక గీసి, నీటి నమూనాలను ఎక్కడ, ఏ నెలలో, ఎంత లోతు నుంచి తీశారో, అక్కడి చెరువులు చేపలవో రొయ్యలవో, చివరికి ఏం తేల్చారో నిలువు గడులలో నింపండి. అన్నిటికంటే జాగ్రత్తగా నింపవలసింది నెల గడి. ఎందుకంటే దాళ్వా (రబీ వరి) కోతల తరువాత కాలువలు కట్టేసిన రోజుల్లో తీసిన నీటినీ, సార్వాకు (ఖరీఫ్ వరికి) ధవళేశ్వరం ఆనకట్ట నుంచి నీరు వదిలాక తీసిన నీటినీ ఒకే గాటన కట్టలేము. తీరానికి దగ్గరి గ్రామాలలో చెరువులు రాకముందు నుంచే భూగర్భజలం ఉప్పగా ఉన్న చోట్లున్నాయి కనుక, పాత కొలతలతో పోల్చారా లేదా అన్నదానికీ ఒక గడి కేటాయించండి.

సంవత్సరమూ ముఖ్యమే. 1990ల మధ్యలో తెల్లమచ్చ వ్యాధి టైగర్ రొయ్యల సాగును దెబ్బతీసింది. వనామీ అనే మరో జాతి రొయ్య సాగుకు మన దేశంలో అనుమతి 2009లో వచ్చింది. ఈ రెండు కాలాల వ్యాసాలూ ‘రొయ్యల చెరువు’ అనే రాసినా, వాటి ఫలితాలు వేరుగా ఉన్నంత మాత్రాన ఒకదానినొకటి ఖండిస్తున్నాయని రాయకూడదు.

ఇప్పుడు పట్టికను నిలువుగా చదవండి. పేరా మొదటి వాక్యం ఆ చదువులోంచే వస్తుంది. ఉదాహరణకు, కేవలం మచ్చుకు: ‘వేసవి నమూనాలపై ఆధారపడిన అధ్యయనాలు ఉప్పదనం పెరిగిందని చెబుతుండగా, వర్షాల తరువాత తీసిన నమూనాలు ఆ తేడాను చూపడం లేదు; అవే బావులను రెండు కాలాలలోనూ కొలిస్తే గానీ ఈ వైరుధ్యం తేలదు.’ రచయితల పేర్లు, సంవత్సరాలు ఆ మాటల వెంబడే కుండలీకరణాలలో ఇమిడిపోతాయి.

‘మా మండలంలో ఎవరూ చేయలేదు’ అన్నదానిని పరిశోధనలో పూరించవలసిన ఖాళీగా చూపేవారు చాలామంది ఉన్నారు. ఆ మండలంలో చేస్తే కొత్తగా ఏం తెలుస్తుందో చెప్పనంతవరకు పరీక్షకులు దానిని ఒప్పుకోనవసరం లేదు.

అభ్యాసం: మీ అంశంపై ఆరు వ్యాసాలకు పట్టిక నింపి, ఏ వాక్యానికీ రచయిత పేరు కర్తగా రాకుండా ఒక పేరా రాయండి.