సెంటర్‌లో వచ్చినది ఇంట్లో ఎందుకు రావట్లేదు?

థెరపీ సెంటర్‌లో నీళ్ళు కావాలంటే చక్కగా బొమ్మ కార్డు తీసి మేడమ్ చేతికిచ్చే మా వాడు, ఇంటికి రాగానే నా చెయ్యి పట్టుకుని ఫ్రిజ్ దాకా లాక్కెళ్ళేవాడు. మొండితనం అనుకున్నాను కొన్నాళ్ళు. కాదు. ఆటిజం ఉన్న పిల్లలు చాలామంది నేర్చుకున్నదాన్ని ఆ గదితో, ఆ మనిషితో, ఆ కుర్చీతో ముడివేసి నేర్చుకుంటారు, వాటిలో ఏది మారినా వాళ్ళకు అది మళ్ళీ కొత్త పాఠమే. ఒకచోట వచ్చింది ఇంకోచోట కూడా రావడాన్ని థెరపిస్టులు జనరలైజేషన్ అంటారు. నేర్పేసి, మిగతాచోట్ల అదే వస్తుందిలే అని కూర్చుంటే చాలదని స్టోక్స్, బేర్ అనే పరిశోధకులు 1977లోనే రాశారు.

ముందు ఒక్క స్కిల్ పట్టుకోండి, ఇంట్లో రోజూ చాలాసార్లు అవసరం పడేది. థెరపిస్ట్‌ని "ఎలా చేస్తున్నాడండీ?" అని అడిగితే "బాగానే" అంటారు, అంతే. ఏ మాట వాడుతున్నారు, ఎంతసేపు ఆగుతున్నారు, ఎక్కడ సాయం చేస్తున్నారు, ఇవి అడగండి. అదే కార్డు ఇంకోటి తెచ్చుకోండి.

అసలు చిక్కు మనతోనే. పిల్లాడు అడగకముందే గ్లాసు నోటిదాకా తెచ్చేస్తాం, నానమ్మలైతే మరీను. ఇక వాడు అడగడం దేనికి? దాహంతో మాడ్చమని కాదు చెప్పేది. కార్డు ఫ్రిజ్ తలుపుకి తగిలించి, గ్లాసు కనబడేలా పట్టుకుని, మనసులో 5 దాకా లెక్కపెట్టండి. కదలకపోతే కార్డు వైపు వేలు చూపించండి, అప్పటికీ కాకపోతే మీరే కార్డు తీసి, "నీళ్ళు" అని, నీళ్ళు ఇచ్చేయండి. కార్డో, మాటో, సైగో, ఎలా అడిగినా వెంటనే అందాలి. చెయ్యి పట్టి లాగినా తిట్టొద్దు, అదీ అడగడమే. రోజులు గడిచేకొద్దీ మీ సాయం తగ్గించుకుంటూ రండి.

మా ఇంట్లో ఇంకో తమాషా: నేను "నీళ్ళు", ఆయన "వాటర్", అత్తయ్యగారు "మంచినీళ్ళు". మొదట్లో అందరం ఒకటే మాటకు కట్టుబడ్డాం, కుదురుకున్నాక కావాలనే మిగతా రెండూ కలిపాం.

ఒకసారికి ఒక్కటే మార్చండి. నా దగ్గర వచ్చాక వాళ్ళ నాన్న దగ్గర, తర్వాత గ్లాసు బదులు బాటిల్, ఆ తర్వాత పక్కింట్లో. కిరాణా కొట్టుకైతే జనం లేని వేళ చూసుకుని, కొట్టాయనకు ముందే చెప్పి, ఒక్క బిస్కెట్ ప్యాకెట్ అడిగించి వచ్చేయండి. డీజే మోగుతున్న ఫంక్షన్ హాల్లో మాత్రం పాఠాలు పెట్టకండి. చెవులు మూసుకుని ఏడుస్తున్న పిల్లాడికి అప్పుడు కావాల్సింది కార్డు కాదు, బయటికి తీసుకెళ్ళే మనిషి.

ఎక్కడైనా ఆగిపోతే చిన్న వీడియో తీసి థెరపిస్ట్‌కి చూపించండి, మనకు కనబడనిది వాళ్ళకు కనబడుతుంది.

సంక్రాంతికి ఊరెళ్ళినప్పుడు కార్డు ఇంట్లోనే మర్చిపోయాను. ఏం చేయాలో తోచక క్యాలెండర్ కాగితం వెనక పెన్నుతో గ్లాసు బొమ్మ గీశాను, గ్లాసులా కూడా లేదది. వాడు కాసేపు అటూ ఇటూ తిప్పి చూసి, తీసుకెళ్ళి మా మావయ్య చేతిలో పెట్టాడు.