గడ్డి మిషను దగ్గర చేతులు పోగొట్టుకోకుండా ఎలా పనిచేయాలి?

పలమనేరు, పుంగనూరు వైపు పాడి ఆవులున్న ఇళ్లలో కొట్టం పక్కనే గడ్డి కత్తిరించే మిషను ఉంటుంది. తెల్లవారకముందే పాలు పితకాలి, కేంద్రానికి పోయాలి, పిల్లలను బడికి పంపాలి. ఆ తొందరలో, మసక వెలుతురులో నేపియర్ గడ్డి మోపు విప్పి మిషనుకు అందించేది ఎక్కువగా ఇంటి ఆడవాళ్లే. వాళ్ల వేళ్లు ఒక్క క్షణంలో పోతాయి. అందుకే ఈ జాగ్రత్తలు ఇంట్లో అందరూ కలిసి పాటించాలి.

ముందు మిషనును సరిచేయండి. దానిని సిమెంటు దిమ్మె మీద బోల్టులతో బిగించి, పైన మంచి బల్బు పెట్టండి. స్విచ్చు గడ్డి పెట్టే మనిషి చేతికి అందేలా ఉండాలి. వెనక గోడకో, ఇంటి లోపలో ఉంటే ఆపదలో పనికిరాదు. బెల్టుకు, పుల్లీకి ఇనుప జాలీ, కత్తులున్న చక్రానికి మూత తప్పనిసరి.

అన్నిటికన్నా ముఖ్యం గడ్డి పెట్టే తొట్టి పొడవు. నూర్పిడి యంత్రాల తొట్టి కనీసం 90 సెంటీమీటర్లు ఉండాలనీ, అందులో 45 సెంటీమీటర్ల మేర పైన మూసి ఉండాలనీ భారతీయ ప్రమాణం చెబుతుంది. మన చెయ్యి అంత పొడవు ఉండదు కాబట్టి వేళ్లు లోపలి దాకా చేరవు. గడ్డి మిషనుకూ అదే కొలత పెట్టుకోండి. తొట్టి పొట్టిగా ఉంటే వెల్డింగ్ షాపులో రేకు అతికించవచ్చు. ఆ ఖర్చుకు వెనకాడవద్దని చేతులెత్తి వేడుకుంటున్నాను.

ఇక బట్టల సంగతి. పొలం పనికి వేసుకున్నట్టే చీర మీద చొక్కా వేసుకుని, కొంగు నడుముకు దోపి, జడను కొప్పుగా ముడవండి. చున్నీ, తువ్వాలు తీసి పక్కన పెట్టండి. చేతి తొడుగులు మాత్రం వద్దు. గడ్డిని లోపలికి లాగే రోలర్లు వాటిని పట్టుకుంటే చేతిని కూడా లాగేస్తాయి.

మోపులో చివరి గుప్పెడు గడ్డి దగ్గరే చెయ్యి లోపలికి పోతుంది. దానిని తర్వాతి గుప్పెడుతోనో, రెండడుగుల కర్రతోనో నెట్టండి. కర్ర ఇరుక్కుంటే వెంటనే వదిలేయండి. రోలర్లను వెనక్కి తిప్పే లివరు ఉంటే, మిషను ఆగి ఉన్నప్పుడే ఇంటిల్లిపాదీ దానిని వాడడం నేర్చుకోవాలి.

కరెంటు పోయిన సమయం గురించి మరీ గట్టిగా చెప్పాలి. గడ్డి ఇరుక్కుని ఉంటుంది, మిషను ఆగిందని చెయ్యి పెడతాం. స్విచ్చు వేసే ఉందన్న సంగతి గుర్తుండదు. కరెంటు రాగానే కత్తులు తిరుగుతాయి. ఆటో స్టార్టర్ ఉన్న మోటారుతో నడిపితే ప్రమాదం ఇంకా ఎక్కువ, ఎవరూ ముట్టుకోకుండానే అది మొదలవుతుంది. కాబట్టి చెయ్యి పెట్టే ముందు స్విచ్చు ఆపి, ప్లగ్గు పీకండి, లేదా ఫ్యూజు తీయండి. ఆ ఫ్యూజు చెయ్యి పెట్టే మనిషి దగ్గరే ఉండాలి, వేరొకరి చేతికి ఇవ్వకూడదు. చక్రం పూర్తిగా నిలిచేదాకా ఆగండి.

చెరకు గానుగల దగ్గరా ఇదే పద్ధతి. రాత్రంతా బెల్లం వండే రోజుల్లో నిద్ర ముంచుకొస్తుంది కనుక, చెరకు పెట్టే మనిషిని రెండు గంటలకొకసారి మార్చండి.

చేత్తో తిప్పే మిషను ఉన్నవాళ్లు పని కాగానే చక్రానికి గొలుసు వేసి తాళం పెట్టండి. పిల్లలకు అది ఆటవస్తువులా కనిపిస్తుంది.

ఇంత చేసినా ప్రమాదం జరిగితే మొదట కరెంటు ఆపండి. ఇరుక్కున్న చేతిని గుంజవద్దు, రోలర్లను వెనక్కి తిప్పి విడిపించండి. గాయాన్ని శుభ్రమైన బట్టతో గట్టిగా అదిమి, చెయ్యి పైకెత్తి పట్టుకుని 108కు ఫోను చేయండి. పసుపు, కాఫీ పొడి అద్దవద్దు. తెగిన వేలిని శుభ్రమైన తడిబట్టలో చుట్టి, నీళ్లు చొరని ప్లాస్టిక్ కవరులో పెట్టి మూతి కట్టి, ఆ కవరును మంచు ముక్కలు వేసిన నీళ్లలో ఉంచండి. మంచు వేలికి నేరుగా తగలకూడదు. మణికట్టుకు పైన తెగితే 6 గంటలు దాటాక అతికే ఆశ బాగా తగ్గిపోతుంది. అందుకే ఊళ్లో మంచు ఎవరి ఇంట్లో, ఏ కొట్టులో దొరుకుతుందో, తెగిన చెయ్యి అతికించే ఆసుపత్రి తిరుపతిలోనో చిత్తూరులోనో ఏదో ఈరోజే కనుక్కుని, ఆ నంబరు స్విచ్చు పక్కన గోడ మీద పెద్ద అక్షరాలతో రాయండి.