బరంపురం నుంచి ఫిల్మ్ సిటీకి: రెండోసారి అమ్మ కాళ్లు బొబ్బలెక్కలేదు

బరంపురం నుంచి మొదటిసారి రామోజీ ఫిల్మ్ సిటీకి వెళ్లినప్పుడు, రాత్రంతా రైలులో ప్రయాణించి, సికింద్రాబాద్‌లో దిగిన ఉదయమే సామాన్లతో సహా నేరుగా గేటు దగ్గరకు చేరుకున్నాము. మధ్యాహ్నానికి మా అమ్మ ఒక అరుగు మీద కూర్చుని కొత్త చెప్పు విప్పి చూపించింది: మడమ మీద రూపాయి బిళ్లంత నీటి బొబ్బ. ఆ రోజంతా ఆమె ఆ అరుగు విడిచి కదలలేకపోయింది, నా మనసు ఎంతో నొచ్చుకుంది.

రెండోసారి ఒక రోజు ముందే చేరి, ఎల్.బి.నగర్‌లో గది తీసుకున్నాము. ఫిల్మ్ సిటీ విజయవాడ రహదారి వైపు ఉంది కనుక సికింద్రాబాద్‌లో బస చేస్తే ఉదయపు రద్దీలో నగరాన్ని దాటవలసి వస్తుంది. ఎల్.బి.నగర్ వరకు మెట్రో ఉంది, అక్కడి నుంచి బస్సులో వెళ్లాము.

లోపల సందర్శకులను బస్సుల్లో తిప్పినా నడక తప్పదు. చెమటకు నానిన చర్మం రాపిడికి గురైతే బొబ్బ లేస్తుంది కాబట్టి, అమ్మకు పదిహేను రోజులు ఇంట్లో వాడి మెత్తబడిన బూట్లు, మేజోళ్లు తొడిగించి, మడమలకు వాజెలిన్ రాశాను. మధ్యాహ్నం రెండు గంటలకు తడిసిన మేజోళ్లు విప్పించి, పాదాలు తుడిచి, పొడి జత వేయించాను; అన్నిటికంటే పనిచేసింది ఇదే. ఒకవేళ బొబ్బ లేచినా, మా వైపు చేసినట్లు సూదితో గుచ్చకండి, చీము పట్టవచ్చు.

చీకటి పడ్డాక దీపాలు వెలిగినప్పుడు, అమ్మ నా చేయి పట్టుకోకుండానే ముందు నడిచింది.