జలుబు చేస్తే పప్పుచారు చప్పగా ఎందుకుంటది? ఇంట్లోనే చేసి చూడండి

మొన్న వానలకి మా ఇంట్లో అందరికీ జలుబు. చిన్నోడు రెండు ముద్దలు తిని "డాడీ, మమ్మీ పప్పుచార్ల ఏం వెయ్యలే" అన్నాడు, మా ఆవిడ గరిటె పట్టుకుని నా వైపు చూసింది, అన్నదేమో వాడు, ఆ చూపు మాత్రం నాకు. తప్పు ఆమెది కాదురా నీ ముక్కుది అని చూపించడానికి మొదలుపెట్టిన చిన్న ప్రయోగాలే ఇవి, కన్ను, చర్మం దాకా పోయినయి, అరగంట పని.

కిరాణా షాపులో మామిడి, నారింజ ఫ్లేవర్ జెల్లీలు తెండి. పిల్లల్ని కళ్లు మూసుకుని ముక్కు గట్టిగా పట్టుకోమని చెప్పి ఒకటి నోట్లో పెట్టండి. తియ్యగుంది పుల్లగుంది అంటారు గానీ ఏ పండో చెప్పలేరు. నములుతూ ఉండగానే ముక్కు వదలమనండి, ఠక్కున చెప్తారు. నాలుకకి తెలిసేది తీపి, పులుపు, ఉప్పు, చేదు, ఇంకా మటన్ సూపులో టమాటాలో ఉండే ఉమామి, అంతే. మిగతా కమ్మదనమంతా నమిలేటప్పుడు గొంతు వెనక నుంచి ముక్కులోకి ఎక్కే వాసనే, దాన్ని పట్టే రిసెప్టర్లు అక్కడ దాదాపు 400 రకాలున్నాయి. జలుబుకి ఆ దారి మూసుకుపోతది. నేను ఇరానీ చాయ్‌తో కూడా చేశా, ముక్కు మూస్తే వేడి, చక్కెర, కొంచెం వగరు... చాయ్ మాత్రం లేదు, పైసలు దండగ.

మరి మిర్చి బజ్జీ? ముక్కు మూసినా మండుతది. ఎందుకంటే కారం అసలు రుచే కాదు, వేడిని కనిపెట్టే నరాల్ని మిర్చిలోని క్యాప్సైసిన్ తట్టి లేపుతది, నోరు కాలిపోతుందని మెదడు మోసపోతది. ఆ నరాల్లో క్యాప్సైసిన్‌ని పట్టే రిసెప్టర్‌ని కనుక్కున్న అమెరికా సైంటిస్ట్ డేవిడ్ జూలియస్‌కి 2021లో నోబెల్ కూడా వచ్చింది. క్యాప్సైసిన్ నీళ్లలో సరిగా కరగదు కాబట్టి గ్లాసులు గ్లాసులు తాగకుండా పెరుగో పాలో తీసుకోండి, బిర్యానీ పక్కన పెరుగు చట్నీ ఊరికే పెట్టరు కదా. మిర్చి కోసిన చెయ్యి కంట్లో పెట్టుకోవద్దు, అవే నరాలు అక్కడా ఉన్నాయి.

ఇప్పుడు కన్ను. కాగితం మీద ఎడమవైపు ప్లస్, దానికి 7 సెంటీమీటర్ల దూరంలో కుడివైపు చుక్క పెట్టండి. ఎడమ కన్ను మూసి, కుడి కన్నుతో ప్లస్‌నే చూస్తూ, చెయ్యి చాచి పట్టుకున్న కాగితాన్ని మెల్లగా దగ్గరికి తెండి. ఓ జానెడు, జానెడున్నర దూరంలో చుక్క మాయం! చూపు చుక్క మీదికి జారితే మాత్రం రాదు, మావోడికి నాలుగోసారికి వచ్చింది. కంటి వెనక ఉండే తెర, అదే రెటీనా, నుంచి నరం బయటికి పోయే చోట వెలుతురు పట్టే కణాలుండవు, ఆ ఖాళీని మెదడే చుట్టుపక్కల తెలుపుతో పూడ్చేస్తది.

చర్మానికి రెండు అగ్గిపుల్లలు చాలు, మందు లేని వైపు. సెంటీమీటరు ఎడంగా పట్టి వేలి కొనకి తాకిస్తే రెండని తెలుస్తది, అదే వీపు మీద ఒక్కటే అనిపిస్తది, అక్కడ నరాలు పల్చగా ఉంటాయి. చెవిలో మాత్రం ఏ పుల్లా పెట్టనివ్వకండి.

అంతా అయ్యాక చిన్నోడు వంటింట్లోకి పోయి "మమ్మీ, సారీ, నా ముక్కుదే తప్పంట" అన్నాడు. మా ఆవిడ ఇంకా నా వైపే చూస్తోంది.