నవల రాయడం నేర్చుకుందాం – 6వ పాఠం: ఇంట్లో లేని అమ్మని రాయడం

పోయిన పాఠంలో మనుషుల్ని ఖాయం చేసుకున్నాం కదా. అమ్మ హాంకాంగ్‌లో ఒకళ్ళింట్లో పనిమనిషి, కొడుకు ఫిలిప్పీన్స్‌లోని మనీలాలో అమ్మమ్మ దగ్గర పెరిగాడు, ఇప్పుడు పదిహేడేళ్ళు, షాబు అలవాటైంది. మెత్ అనే మత్తుమందుని అక్కడ షాబు అంటారు. ఈసారి అసలు కష్టమైన పని, మనిషి ఇంట్లో లేదు కానీ ప్రతి పేజీలో ఉండాలి, ఎలా?

మనం ముందు రాసేసేది ఎయిర్‌పోర్ట్ ఏడుపు. వద్దండీ. ఆ ఏడుపు ఒక్క రోజుది, ఎడబాటు ఏళ్ళ తరబడిది. హాంకాంగ్‌లో కాంట్రాక్ట్ రెండేళ్ళు, అయ్యాక మళ్ళీ రెండేళ్ళు, పని చేసే ఇంట్లోనే ఉండాలని రూలు, వారానికి ఒక్కరోజు సెలవు. ఆదివారం ఈ పనిమనుషులు సెంట్రల్ అనే ఏరియాలో పెద్ద పెద్ద బిల్డింగుల కింద అట్టలు పరుచుకుని కూర్చుని, తెచ్చుకున్నది తింటూ ఇంటికి ఫోన్లు చేసుకుంటారు. మీ అమ్మ పాత్రకి సొంత చోటు అంటూ ఉంటే ఆ అట్టముక్కే, అందుకే ఆవిడ సీన్లు అక్కడ పెట్టండి.

ఇంటివైపు ఆవిడని తెచ్చేది బాలిక్‌బయాన్ బాక్సు, అంటే బయటి దేశాల్లో ఉన్న ఫిలిప్పీన్స్ వాళ్ళు ఇంటికి పంపే సామాన్ల పెట్టె. పెద్ద అట్టపెట్టె, ఓడలో పోతుంది, వారాలు పడుతుంది. రేటు బరువుని బట్టి కాదు పెట్టె సైజుని బట్టి, అందుకే ఇంత సందు కూడా వదలరు, బూట్ల లోపల చాక్లెట్లు, చాక్లెట్ల మధ్యలో సబ్బులు, తువ్వాలులో చుట్టిన లోషన్, కార్న్‌డ్ బీఫ్ టిన్నులు. మా రాజోలు వైపు కువైట్ వెళ్ళిన ఆడవాళ్ళు కూడా ఇలాగే సర్దుతారు, మా పిన్ని పంపిన పెట్టె తీస్తే వచ్చే సబ్బు వాసన నాకిప్పటికీ పిన్ని వాసనే, అందుకే ఈ పాఠం రాస్తుంటే చెయ్యి ఆగట్లేదు.

ఇప్పుడు చూడండి. కొడుకు కాగితం మీద పాదం పెట్టి పెన్సిల్‌తో గీసి ఆ కొలత పంపాడు. అమ్మ కొంది, నెలల తరబడి పెట్టె నింపింది, అది ఓడెక్కి వచ్చింది. బూట్లు పట్టలేదు. వాడు వేళ్ళు ముడుచుకుని వేసుకుని ఫోన్‌లో సరిగ్గా సరిపోయాయమ్మా అన్నాడు. మీ నవల ఇక్కడ మొదలవ్వాలి. ఎందుకంటే ఇది వాడి మొదటి అబద్ధం, ప్రేమతో చెప్పింది, తర్వాత చెప్పేవన్నీ ఈ దారినే వస్తాయి.

వ్యసనం దగ్గర చాలామంది చీకటి గది, పొగ, ఎర్ర కళ్ళు రాసేస్తారు. నా మాట వినండి, ఇంటి లెక్క రాయండి. షాబు ఆకలి చంపేస్తుంది, నిద్ర పోగొడుతుంది. కాబట్టి అమ్మమ్మ గిన్నెలో అన్నం మిగలడం మొదలవుతుంది, అర్ధరాత్రి గదిలో సామాను సర్దుతున్న చప్పుడు వస్తుంది, అమ్మమ్మేమో మనవడికి శుభ్రం వచ్చిందని మురిసిపోతుంది. బాక్సులో వచ్చిన టిన్నులు వీధి చివర సారీ-సారీ కొట్లో అమ్మకానికి కనపడతాయి. సారీ-సారీ అంటే మన కిళ్ళీకొట్టూ కిరాణా కలిసినట్టు ఇంటి కిటికీలోంచి నడిపే చిన్న కొట్టు. చుట్టాలమ్మాయి ఆ కొట్టు ముందు ఫోటో దిగి పెట్టింది, అమ్మ అట్టముక్క మీద కూర్చుని ఫోన్‌లో ఆ ఫోటో పెద్దది చేసి చూస్తే వెనక అరలో తను సర్దిన లోషన్ సీసా, మూతకి తను వేసిన టేపుతో సహా. ఆవిడ చేత ఏమీ అనిపించకండి, ఫోన్ బోర్లా పెట్టించండి చాలు.

ఇంకో సంగతి, ఏ సంవత్సరమో ముందే తేల్చుకోండి. అప్పటి ఫిలిప్పీన్స్ అధ్యక్షుడు మార్కోస్ 1974లో తెచ్చిన లేబర్ కోడ్ అనే కార్మిక చట్టంతో జనాన్ని బయటి దేశాలకి పంపడం సర్కారు పద్ధతైంది. 80ల్లో పెడితే అమ్మ గొంతు క్యాసెట్‌లో వస్తుంది, జవాబు ఇంకో క్యాసెట్‌లో వారాల తర్వాత పోతుంది. అదే 2016 జూన్ 30 తర్వాతి ఆరేళ్ళలో పెడితే దుతెర్తే అధ్యక్షుడు, పోలీసులు తోఖాంగ్ అనే పేరుతో మత్తుమందు అనుమానితుల ఇళ్ళ తలుపులు కొడుతున్న కాలం. వేలమంది చనిపోయారు. అప్పుడు కొడుకు గది తలుపు మీద అమ్మమ్మ మామూలుగా కొట్టినా చదివేవాళ్ళకి గుండె జారుతుంది, మీరు ఒక్క తుపాకీ చూపించక్కర్లేదు.

ఈ వారం పని: అమ్మ ఈ సంవత్సరం పంపే బాక్సులో ఏమేం పెట్టిందో ఒక పేజీ రాయండి. ఫోటో చూశాక సర్దుతున్న బాక్సు అది. ఏడుపు మాట ఒక్కటి రాకూడదు. లోషన్ పెట్టిందా లేదా అన్నది మీరే తేల్చుకోండి, వచ్చే పాఠంలో అక్కడినుంచి అమ్మమ్మ వైపు వెళ్దాం.