పక్షవాతం తర్వాత ఒంటిచేత్తో వంట: నా అనుభవం

ఒక చెయ్యి పట్టు రానప్పుడు అన్నిటికంటే కష్టం కూరగాయలు తరగడం. కాయ దొర్లుతుంది, కత్తి జారుతుంది. చెక్క పీటకు కింది నుంచి రెండు స్టీలు మేకులు, అంగుళం ఎడంతో, మొనలు పైకి వచ్చేలా కొట్టించాను. సొరకాయ ముక్క వాటికి గుచ్చితే ఇక కదలదు. పీట కింద తడిగుడ్డ తప్పనిసరి, పొడిగుడ్డయితే జారుతుంది. కత్తిపీట జోలికి మాత్రం పోవద్దు.

కరెంటు కుక్కర్‌లో అరకప్పు బియ్యం, పావుకప్పు పెసరపప్పు, కప్పు సొరకాయ ముక్కలు, చిటికెడు పసుపు, మూడు కప్పుల నీళ్లు. పప్పు పొంగుతుంది కాబట్టి గిన్నె సగానికి మించకూడదు. నీళ్ల గిన్నె మోయకుండా, స్విచ్ వేయకముందే గ్లాసుతో పోసుకోవాలి. ఉప్పు తగ్గించి, చివర్లో నిమ్మరసం పిండితే చప్పగా ఉండదు. వేడి చూసేది బాగున్న చేత్తోనే. స్పర్శ తగ్గిన చెయ్యి కాలినా తెలియదు.